రెండో గొంతులో ఖాళీలు

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి మాస్టారు చేతిలో కర్రతో స్టాండు మీద టకటక కొట్టి పాట ఆపేశారు. ఆ పాట అదే చోట ఆగడం అప్పటికి నాలుగోసారి.

"ఫ్లూటు ఎందుకాగింది?"

"నేనాపలేదండీ, కాగితమే ఆపింది," అన్నాడు మందుల షాపాయన. పగలంతా కౌంటరు వెనక నిలబడి మాత్రలు అమ్మే మనిషి, మంగళ, గురువారాల్లో దుకాణం తమ్ముడి మీద వదిలేసి వచ్చి ఫ్లూటు వాయిస్తాడు. కాగితం మీద ఏముంటే అది, పొల్లుపోకుండా. "ఇదిగో, ఇక్కడ ఖాళీ. అర క్షణం కాగానే ఇక్కడ మళ్ళీ ఖాళీ. ఆవిడ రాసినట్టే వాయించాను."

అందరూ కిటికీ పక్క కుర్చీ వైపు చూశారు. ఆవిడ అక్కడ ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. ముప్ఫై తొమ్మిదేళ్ళొచ్చినా ఈ గదిలో ఆమె పేరు పళ్ళమ్మాయే. ఆమెకి ఏ వాయిద్యమూ రాదు. చెవి మాత్రం ఉంది. పాతకాలం జపాన్ వీడియో గేముల్లో వెనకాల మోగే పాటల్ని విని, ఒక్కో గొంతూ విడదీసి, స్వరాలు కాగితం మీద పెడుతుంది. శనివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో ఈ ఆరుగురూ వాయించబోయే తొమ్మిది పాటలూ ఆమె రాసినవే. ఎనిమిది అసలువి విని రాసింది. ఈ తొమ్మిదోది మాత్రం జ్ఞాపకంలోంచి తీసి రాసింది, ఎందుకంటే ఆ ఆట పేరేమిటో ఆమెకి తెలీదు.

"అక్కడ ఖాళీ కావాలనే పెట్టారు మాస్టారూ," అంది. "మెట్లెక్కే మనిషి ఊపిరి తీసుకున్నట్టు ఆగుతుంది చూడండి. అదే ఆ పాట గొప్పతనం. ఎక్కడ ఊరుకోవాలో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

"ఊరుకోవడానికైనా ఒక పద్ధతుండాలి కదమ్మా." మాస్టారు స్కూల్లో పిల్లలకి సంగీతం చెప్తారు, కోపం వచ్చినా గొంతు పెంచరు, కళ్ళద్దాలు మాత్రం తీసి తుడుస్తారు. ఇప్పుడు తుడిచారు. "ముప్ఫై ఒక్క ఖాళీలున్నాయి, లెక్కపెట్టాను. ఒక్కటీ తాళంలో లేదు. ఆగు, అబద్ధమాడకూడదు, మూడున్నాయి. రెండో పేజీ మధ్యలో, వరసగా మూడు. అవి మాత్రం గీత గీసినట్టు తాళం మీద పడ్డాయి. మిగతా ఇరవై ఎనిమిదీ మెట్లు దిగుతూ కాలు జారినట్టున్నాయి. ఎవరైనా ఇలా రాస్తారా?"

"ఆయన రాశాడు."

"ఎవరా ఆయన?"

ఇరవై ఏళ్ళుగా ఆమె ఆ జవాబు కోసమే వెతుకుతోంది. వెతుకులాటలో ఎన్ని వందల ఆటల పాటలు విందో, వినీ వినీ వాటి మీద పిచ్చి ఎలా ముదిరిందో ఆమెకే తెలీదు. ఆటల చివర్లో వచ్చే పేర్లు చదవడానికని జపాన్ అక్షరాలు నేర్చుకుంది. చదవడం వచ్చాక తెలిసింది, అక్కడ సగంమందివి అసలు పేర్లే కావని. పాటలు కట్టినవాళ్ళు మారుపేర్ల వెనక దాక్కునేవారు. అయినా డప్పు మోత విని ఆట ఏ ఏడాదిదో చెప్పగలదు. చెప్పనివ్వడమే తప్పు, ఇక ఆపదు.

కీబోర్డు దగ్గరున్న బ్యాంకు అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, పొద్దున్నుంచీ చెబుదామని మర్చిపోయా. ఆ పాట దొరికింది."

"ఏ పాట?"

"ఇదే. మీరు చెప్పే గొడుగు ఎలుక ఆటది. మీరు కూనిరాగం తీసింది రికార్డు చేసి జపాన్‌లో పాత ఆటలవాళ్ళ ఆన్‌లైన్ గుంపులో పెట్టాగా. నిన్న ఎవరో ముసలాయన పంపాడు. ఫోన్లో ఉంది, వినిపించనా?"

ఆమె ఒళ్ళో నోటుపుస్తకం మూసేసింది. "ఇప్పుడొద్దు," అంది, "నాకు పంపు, నేను వింటా."

"మంచిదే అయింది," అన్నారు మాస్టారు. "అసలుది విని, ఆ ప్రకారం సరిచేసి గురువారం తీసుకురా. లేదంటే ఈ పాట తీసేద్దాం. ఎనిమిది చాలు. శుక్రవారం పొద్దున్నే కార్యక్రమం కాగితం అచ్చుకి ఇవ్వాలి." తర్వాత కొంచెం నవ్వారు. "పోయిన నెల ఈ పిల్ల చివర్లో చిన్న మెలిక వేస్తే దులిపేశావు గుర్తుందా? ఆయన రాయనిది మనం వాయించకూడదన్నావు."

గుర్తుంది. అందరి ముందూ అంది. ఆ పిల్ల ముఖం ఎర్రబడటం కూడా గుర్తుంది.

ఆమె పనిచేసే గది పళ్ళ ఆసుపత్రికి వెనక వైపు, ఒకే కిటికీ. గోడ పొడుగునా బల్ల, బల్ల మీద సుద్దతో పోసిన దవడల అచ్చులు, ఒక్కోదాని నుదుటి మీద పెన్సిలుతో అంకె. రోగుల ముఖాలు ఆమె ఎప్పుడూ చూడదు. వాళ్ళ చిగుళ్ళు మాత్రం కంఠతా వచ్చు. గులాబీ రంగు మైనపు పలకని దీపం మీద వెచ్చబెట్టి, అచ్చు మీద కూర్చోబెట్టి, పన్ను తర్వాత పన్ను గుచ్చి, సన్నని కత్తితో చుట్టూ చిగురు తీర్చుతుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే చెవులు ఖాళీగా ఉంటాయి. ఇరవై ఏళ్ళ పాటలన్నీ ఆ ఖాళీలోనే విన్నది.

బుధవారం పొద్దున బల్ల మీద ఒక పళ్ళ సెట్టు తిరిగొచ్చి ఉంది. పోయిన వారం ముచ్చటపడి చేసింది. కూడా డాక్టరు రాసిన ఒక చీటీ, పాత ఫోటో ఒకటి. "ఈమె వద్దంటున్నారు. ఇవి నా పళ్ళు కావంటున్నారు. ముందు రెండు పళ్ళ మధ్య సందు కావాలట, ఫోటోలో ఉన్నట్టు." ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. సందులు పూడ్చమని మొత్తుకునేవాళ్ళనే ఇన్నాళ్ళూ చూసింది, పెట్టమనే మహాతల్లిని ఇదే చూడటం. చీటీని సెట్టు కింద పెట్టి పక్కకి నెట్టేసింది.

తర్వాత చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్ తెరిచి, ఒక నిమిషం ఊరికే చూస్తూ కూర్చుంది. ఆట పేరు ఆ ఫైలు మీద ఉంది. చదివింది. మామూలు పేరే. ఆమె ఊహించుకున్న యాభై పేర్లలో ఏదీ కాదు. కింద పాట కట్టినాయన పేరుండాల్సిన చోట ఎప్పటిలాగే ఒక మారుపేరు ఉంది.

నొక్కింది.

మొదటి గొంతు అలాగే ఉంది, స్వరం స్వరానికీ. కింద గుమ్మనే గొంతూ అలాగే ఉంది. డప్పులా కొట్టే ఇసక మోత కూడా. మందుల షాపాయన ఫ్లూటు మీద వాయించే రెండో గొంతు మొదలైంది, నడిచింది, నడుస్తూనే ఉంది. మొదటి ఖాళీ రావాల్సిన చోట రాలేదు. రెండోదీ రాలేదు. ఎక్కడా ఆగకుండా, కుళాయి తిప్పి వదిలేసినట్టు, చుట్టు చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది. ఈ పాటలు పోగుచేసేవాళ్ళందరిదీ ఒకటే ఆనవాయితీ. ఆటలో పాటకి ముగింపుండదు కాబట్టి, రికార్డులో రెండు చుట్లు తిప్పి, మూడో చుట్టు మొదట్లో మెల్లగా తగ్గించేస్తారు. రెండో చుట్టులోనైనా ఆగుతుందేమోనని చెవులు రిక్కించింది. ఆగలేదు.

తల కొట్టేసినట్టయింది. ఆ ఖాళీల గురించి ఎంతమందికి ఎన్నిసార్లు ఉపన్యాసాలిచ్చింది! మెట్లెక్కే మనిషట, ఊపిరట. అన్నం తినేవాళ్ళని ఆపి మరీ చెప్పింది.

మైనం కత్తి చేతిలో పట్టుకునే అలా కూర్చుంది. దీపం మీద పలక మెత్తబడి వంగి, ఒక మూల బల్ల మీదకి కారడం మొదలెట్టింది. అప్పుడు తట్టింది. తట్టాక, ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ తట్టనందుకు తన్ను తానే తిట్టుకుంది. ఎందుకంటే అది ఆమె పదిమందికి చెప్పే పాఠమే. ఆ పాత యంత్రాలకి ఉన్నవి నాలుగే గొంతులు. పాడేవి రెండు, కింద గుమ్మనేది ఒకటి, ఇసక మోతకి ఒకటి. బొమ్మ దూకినప్పుడు టుయ్‌మనే చప్పుడుకి వేరే గొంతు లేదు. అది పాటలో రెండో గొంతుని ఒక్క క్షణం లాక్కుని, టుయ్‌మని, మళ్ళీ వదిలేస్తుంది. ఆ ఒక్క క్షణం రెండో గొంతు నోరు మూసుకుంటుంది. టుయ్‌లన్నీ ఆమె మరచిపోయింది. నోరు మూసుకున్న క్షణాలు మాత్రం చెవిలో ఉండిపోయాయి.

దూకింది ఎవరు? ఆమె కాదు. పసుపు క్యాసెట్టు, దానికి చిరిగిన లేబులు, రెండు కంట్రోలర్లలో ఒకటి పనిచేయదు. పనిచేసేది ఎప్పుడూ అన్నయ్య చేతిలో. ఒక వేసవంతా రోజూ అదే ఆట, అదే వాన కురిసే ఊరు, అవే డాబాలు, గొడుగు పట్టుకుని డాబాల మీద పరిగెత్తే ఎలుక. ఆమె పక్కన మఠం వేసుకుని కూర్చుని చూసేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఈ మాట ఆమె అన్నయ్య పెళ్ళిలో చెప్పింది, వదినకి చెప్పింది, మేనల్లుడికి చెప్పింది. నవ్వుతూనే చెప్తుంది గానీ ఆ నవ్వు లోపల కడుపుమంట అలాగే ఉంది.

నోటుపుస్తకం తెరిచి ఖాళీల మీద వేలు పెట్టి చూసింది. ఒకటి, పొగగొట్టం. రెండు, పిల్లి. మూడు, డాబాకీ డాబాకీ మధ్య గొయ్యి. వేలు పెట్టిన ప్రతి చోటా తెర కనిపించింది. ఇన్నేళ్ళుగా ఆమె గుండెల్లో దాచుకున్నది పాట కాదు, అన్నయ్య ఆట. చివరికి నా చెవిలో కూడా వాడే కూర్చున్నాడు, అనుకుంది. ఏడుపొచ్చినంత పనయింది.

రెండో పేజీ మధ్యలో మాత్రం వేలు ఆగింది. మాస్టారు చెప్పిన మూడు. అక్కడ పొగగొట్టం లేదు, పిల్లి లేదు, గొయ్యి లేదు. పొడుగాటి బోసి డాబా. అక్కడ ఎవరైనా ఎందుకు దూకుతారు?

మైనం పాడైపోయింది. గీకి పారేసి కొత్త పలక తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం భోజనం వేళ ఆమె ఊరికి అవతలి వైపున్న ఒక ఆఫీసు భవనానికి వెళ్ళి నాలుగంతస్తులు మెట్లెక్కింది. అన్నయ్య లిఫ్టుల మెకానిక్కు. కాబట్టి ఆయన ఉన్నచోట లిఫ్టు పనిచేయదు. ఈ జోకు ఇంట్లో అందరూ వాడి వాడి అరగదీశారు.

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అడ్డంగా పసుపు గొలుసు, దానికో బోర్డు. పెట్టె కప్పు గచ్చుకి సమానంగా నిలబడి ఉంది, కప్పు మీద అన్నయ్య. చేతిలో చిన్న డబ్బా, దానికి మెలికల తీగ, డబ్బా మీద పైకి ఒక మీట, కిందకి ఒక మీట, పక్కన ఎర్రది. మీట నొక్కి ఉంచినంతసేపే పెట్టె కదులుతుంది. చెల్లెల్ని చూడగానే ఎర్రమీట లోపలికి నొక్కేసి, ఇంకోసారి నొక్కి చూసి, గచ్చు మీదకి దాటాడు.

"ఏంటే, ఈ వేళప్పుడు? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. గొడుగు ఎలుక దొరికింది."

"ఏ ఎలుక?" అని, మరుక్షణం, "మన పసుపు క్యాసెట్టా?" అన్నాడు. నూనె చేతుల్ని గుడ్డతో తుడుచుకున్నాడు, చూసుకుని మళ్ళీ తుడుచుకున్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ముఖం జాగ్రత్తగా పెట్టాడు. "మొదలెట్టకే తల్లీ. ఇవ్వలేదు, ఇవ్వలేదు, ఇవ్వలేదు. మీ వదినకి కూడా కంఠతా వచ్చేసింది."

"దెప్పడానికి రాలేదులే. కూర్చో. పాట వింటూ, ఎక్కడ దూకేవాడివో నొక్కు."

"ఎక్కడ నొక్కను?"

ఆమె లిఫ్టు డబ్బా చూపించింది. అన్నయ్య ఎర్రమీట వైపు ఇంకోసారి చూసి, ఏమీ కదలదని రూఢి చేసుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. గోడకి ఆనుకుని పక్కపక్కన కూర్చున్నారు. ఇయర్‌ఫోన్ చెరొకటి. ఆమె నోటుపుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని పెన్సిలు తీసింది.

పాట మొదలైంది. మూడు క్షణాలు ఏమీ జరగలేదు. తర్వాత అన్నయ్య బొటనవేలు చటుక్కున నొక్కింది. కాగితం మీద అక్కడ మొదటి ఖాళీ. రెండోసారి నొక్కింది, రెండో ఖాళీ. యాభైకి దగ్గరపడిన మనిషి, కళ్ళు ఎదుటి గోడ మీద, నోరు కొంచెం తెరిచి, పొగగొట్టాల మీదనుంచీ పిల్లుల మీదనుంచీ దూకుతూ పోతున్నాడు. ఆమె పెన్సిలుతో గీతలు పెడుతూ పోయింది. పద్నాలుగు నొక్కులు, పద్నాలుగు ఖాళీలు, ఒక్కటీ పొల్లుపోలేదు. ఒకవైపు ఒళ్ళు మండుతోంది, ఇంకోవైపు భలే ఆడేవాడురా అనిపిస్తోంది.

పద్నాలుగో దూకుడు అయింది. అన్నయ్య బొటనవేలు పైకి లేచింది. రెండు చేతులూ డబ్బాతో సహా కుడివైపుకి జరిగాయి. డబ్బా ఆమె మోకాలికి తగిలి ఆగింది. ఆయన చూపు గోడ మీదనుంచి కదల్లేదు. పాటలో డప్పు మోత మూడుసార్లు పడింది. కాగితం మీద మూడు ఖాళీలు గడిచాయి. అప్పుడు చేతులు డబ్బాని వెనక్కి లాక్కుని, తర్వాతి గొయ్యి దూకాయి.

ఆమె పాట ఆపేసింది.

"ఇదేంటి?"

"ఏది?"

"డబ్బా నా వైపు జరిపావు."

అన్నయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు, అవి ఇంకెవరివో అయినట్టు. "జరిపానా?" అన్నాడు. "అక్కడ నీ వంతు కదే."

"నా వంతా?"

"ఆ పొడుగు డాబా. దాని మీద ఏమీ రావు. అక్కడికి రాగానే నీకిచ్చేవాణ్ణి, డాబా చివర్లో లాక్కునేవాణ్ణి. ఊరికే నడిపిస్తే చాలు. నువ్వు వింటేగా! అక్కడ దూకడానికేముంది? ఏమీ లేకపోయినా మూడుసార్లు ఎగిరేదానివి. రోజూ అదే చోట, ఒకటి, రెండు, మూడు. ఎందుకే అంటే పాట చెప్పిందనేదానివి."

"నాకెన్నేళ్ళప్పుడు?"

"నాలుగుంటాయేమో. బొటనవేలికి బలం చాలక రెండు వేళ్ళు పెట్టి నొక్కేదానివి."

మెట్ల మీద ఎవరో టిఫిన్ డబ్బా ఊపుకుంటూ దిగిపోయారు. ఆమె కాగితం మీద ఆ మూడు ఖాళీల్నీ చూస్తూ ఉంది. ఎంత తవ్వినా ఆ డాబా మీద తన చేతులు కనిపించలేదు. పక్కన కూర్చుని చూడటమే కనిపిస్తోంది.

"మరి ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేం? ముప్ఫై ఐదేళ్ళుగా నీ పరువు తీస్తున్నా కదా ఊరందరిలో!"

"ఇచ్చానంటే ఎంతిచ్చావంటావు. పది అడుగులిచ్చానని చెప్పుకోమంటావా? చావు లేని చోటు చూసి మరీ ఇచ్చానని?" అన్నయ్య గుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "నీ చేతిలో చస్తే మళ్ళీ మొదటినుంచి ఆడాలని భయం. దానికన్నా అసలివ్వలేదనుకోవడమే నయమనిపించింది."

"పది అడుగులా!" అందామె. కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు, రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆ వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. ఎన్నేళ్ళుగానో పెంచుకున్న ఫిర్యాదు చేతిలోంచి జారిపోతుంటే, ఏదో సొంత వస్తువు పోయినట్టు దిగులేసింది.

లేచి చీర దులుపుకుంది. "శనివారం ఐదింటికి, లైబ్రరీ హాలు."

"శనివారం ఆసుపత్రి లిఫ్టుంది. చూస్తాలే," అన్నాడు అన్నయ్య.

ఆ సాయంత్రం రిహార్సల్‌కి ఆమె రెండు కాగితాలు తెచ్చింది. ఒకదాని మీద రెండో గొంతు ఎక్కడా ఆగకుండా ఉంది. రెండోదాని మీద ముప్ఫై ఒక్క ఖాళీలూ ఉన్నాయి.

"మొదటి చుట్టు ఇది వాయించండి, ఆయన రాసింది. రెండో చుట్టు ఇది."

మాస్టారు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. "అసలుదాంట్లో ఖాళీలు లేవన్నమాట."

"లేవు. నాదే తప్పు. అవి మా అన్నయ్య దూకుళ్ళు." ఇక దాచడమెందుకని మొత్తం చెప్పింది, నాలుగు గొంతుల సంగతి, పసుపు క్యాసెట్టు సంగతి, పొడుగు డాబా సంగతి. చెప్పి, కీబోర్డు వైపు తిరిగింది. "ఆ రోజు నిన్ను ఊరికే అన్నానమ్మా. నీ మెలిక బాగుంది. పెట్టుకో."

బ్యాంకు అమ్మాయి సిగ్గుపడింది. మందుల షాపాయన పడలేదు.

"అంటే ఏమిటండీ, మీ అన్నగారు దూకినప్పుడల్లా నేను నోరు మూసుకోవాలా? ముందు వరసలో కూర్చునేదంతా నా దగ్గర ఆయాసం మందు కొనేవాళ్ళే. ముప్ఫై ఒక్కసార్లు నేను మధ్యలో ఆగితే ఏమనుకుంటారు? ఈయనకే పనిచేయని మందు మనకేం పనిచేస్తుందనుకుంటారు."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వులాటకి అనలేదు. ఆ మాటలోనూ న్యాయముంది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడిచారు, పెట్టుకున్నారు. ఆయన తీర్పు చెప్పేముందు ఇలాగే చేస్తారు.

"ఒక పని చేద్దాం. రెండో చుట్టులో ఈ మూడు ఖాళీలూ ఉంచుదాం. తాళంలో ఉన్నాయి, వినడానికి బాగుంటాయి, ఆయనకీ ఇబ్బంది లేదు. అవి నీవే కదమ్మా. మిగతా ఇరవై ఎనిమిదీ తీసేద్దాం."

ఎవరు చూసినా అది మంచి బేరమే. పాట నిలుస్తుంది, అందులో ఆమె వాటా ఆమెకి దక్కుతుంది, అన్నయ్య పూర్తిగా తప్పుకుంటాడు. రెండు రోజుల కిందటైతే ఎగిరి గంతేసేది.

"కుదరదు మాస్టారూ," అంది. "ఉంటే అన్నీ ఉండాలి. లేదంటే పాట తీసేయండి."

"ఎందుకని? పంతమా?"

"పంతం కాదు. ఆ మూడే ఉంచితే అబద్ధమవుతుంది. ఆ డాబా దాకా నేను వెళ్ళలేదు. పద్నాలుగుసార్లు దూకి తీసుకెళ్ళింది వాడు. వాడు లేకపోతే నేను మొదటి పొగగొట్టం దగ్గరే చచ్చేదాన్ని." వీడియో గేము గురించి ఇంత గట్టిగా వాదించడమేమిటని ఆమెకే సిగ్గనిపించింది.

మాస్టారు గోడ గడియారం వైపు చూశారు. ఎనిమిది పాటల కార్యక్రమం ఆయన మనసులో అప్పుడే సిద్ధమైపోతోంది. అంతలో మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు.

"మా తమ్ముడు పదకొండేళ్ళుగా నా దుకాణంలో ఉన్నాడు," అన్నాడు ఫ్లూటు వైపు చూస్తూ. "వాడి చేతికి నేనిచ్చింది ఒకే ఒక్క అల్మరా. దూది, బ్యాండేజీలు. అక్కడ పొరపాటు చేసినా ఎవరూ చావరని." కాగితం తన వైపు లాక్కున్నాడు. "ఇటివ్వండి. ఆగుతాను. జనం ఏమన్నా అనుకోనీ."

శుక్రవారం ఆమె తిరిగొచ్చిన సెట్టు ముందేసుకుంది. ఫోటోని దీపం పక్కన నిలబెట్టి భూతద్దం పెట్టి చూసింది. పెద్దగా నవ్వుతున్న ఒక పాతికేళ్ళ అమ్మాయి, ముందు రెండు పళ్ళ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు. మైనం వెచ్చబెట్టి, ఆ రెండు పళ్ళూ ఊడదీసి, కొంచెం పక్కకి వంచి మళ్ళీ గుచ్చింది. మొదటిసారి సందు మరీ తీర్చినట్టొచ్చింది. మళ్ళీ తీసి గుచ్చింది. ఫోటోలో పన్ను ఒకటి కొద్దిగా లోపలికి తిరిగి ఉంది. దాన్నీ తిప్పింది. ఆ ఒక్క సందుకి మధ్యాహ్నం దాకా పట్టింది.

శనివారం ఐదింటికి లైబ్రరీ హాల్లో డెబ్భై కుర్చీలకి యాభై నిండాయి. ముందు వరసలో నిజంగానే ఆయాసం మందు కొనేవాళ్ళు కూర్చున్నారు. ఆమె మూడో వరస చివర్లో కూర్చుని పక్క కుర్చీ మీద చేతిసంచి పెట్టింది. మొదటి పాటకి ఎవరూ రాలేదు. నాలుగో పాటకీ రాలేదు. ఏడో పాట మధ్యలో చేతిసంచి ఎవరో తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. అన్నయ్య, పని బట్టల్లోనే, నూనె వాసనతో.

"అయిపోయిందా?" అన్నాడు గుసగుసగా.

"ఇంకా రెండున్నాయి. మాట్లాడకు."

తొమ్మిదో పాటకి మాస్టారు ఏమీ చెప్పలేదు, చేతిలో కర్ర ఎత్తారంతే. మొదటి చుట్టు ఆ పేరు తెలియని పెద్దమనిషి రాసినట్టే, రెండో గొంతు ఎక్కడా తెగకుండా సాగింది. ఎంత బాగా కట్టాడో ఆమెకి ఇప్పుడు సరిగ్గా వినిపించింది. పక్కన అన్నయ్య కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరాయి పాట విన్నట్టు వింటున్నాడు.

చుట్టు తిరిగింది. మూడు క్షణాల తర్వాత ఫ్లూటు ఆగింది. ముందు వరసలో ఒక తల మందుల షాపాయన వైపు లేచింది. ఆయన ముఖం ఎర్రబడింది గానీ కాగితం మీదనుంచి చూపు తిప్పలేదు. మళ్ళీ ఆగాడు. అన్నయ్య కాళ్ళు వెనక్కి తీసుకుని నిటారుగా కూర్చున్నాడు. మూడో ఖాళీకి ఆయన బొటనవేలు మోకాలి మీద నొక్కింది. నాలుగోదానికి, ఐదోదానికి కూడా నొక్కింది. ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో అయ్యో పాపం అన్నారు. మందుల షాపాయన కళ్ళు మూసుకుని ఆగాల్సిన చోటల్లా ఆగుతూ పోయాడు. పద్నాలుగోదాని దాకా అన్నయ్య ఒక్కటీ వదల్లేదు.

పొడుగు డాబా వచ్చింది. బొటనవేలు పైకి లేచి, గాలిలో అలాగే ఉండిపోయింది. అన్నయ్య ఆమె వైపు చూడలేదు. ఆగాడంతే.

ఆమె మోకాలి మీద రెండు వేళ్ళు ఆనించింది. ఒకటి. రెండు. మూడు. మూడుసార్లూ ఫ్లూటు ఆగింది, మూడుసార్లూ డప్పు మోత ఆమె వేళ్ళ కిందే పడింది.

తర్వాత గొయ్యి వచ్చింది. అది అన్నయ్య దూకాడు.